నాలుగో మార్పు, జనార్దన్

1995 ఆగస్టు తొమ్మిది, బుధవారం పొద్దున జనార్దన్ పెట్టుకున్న పని చిన్నదే. సూర్యాపేటలో శంకరయ్య నడిపే కంప్యూటర్ జాతకాల సెంటర్‌కు కోదాడలో, మిర్యాలగూడలో శాఖలున్నాయి. సూర్యాపేటలో ప్రోగ్రాం మార్చినప్పుడల్లా ఫ్లాపీలు బస్సెక్కి ఆ ఊళ్లకు వెళ్తాయి. ఏ ఊళ్లో ఎన్నో మార్పు నడుస్తోందో ఆ బ్రహ్మకు కూడా తెలియదు. అందుకని ప్రతి ఫైలు అడుగునా ఎన్నో మార్పు, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎవరు చేశారు అని ఒక వరుస చేర్చాలని జనార్దన్ పట్టుబట్టాడు.

"గవన్నీ నోటుబుక్కుల రాసుకోరాదు? ఫైలు పని ఫైలును చెయ్యనియ్యి," అంది సువర్ణ. ఆ ప్రోగ్రాం సగం ఆమె రాసిందే.

"నోటుబుక్కు గీడుంటది, ఫ్లాపీ కోదాడల ఉంటది. రేపు తప్పొస్తే నన్ను ఫలానోడు ముట్టిండని ఫైలే చెప్పాలె కదక్కా."

శంకరయ్య బాధ వేరు. "సెంటర్ నాది, పేరు నీదా?" అని మూతి ముడిచాడు.

"చేసినోని పేరే ఉండాలె సార్," అన్నాడు జనార్దన్ గర్వంగా. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు మింగేద్దామనుకున్నాడో లెక్కలేదు.

పొద్దున మెషిన్ ఆన్ చేయగానే తేదీ అడుగుతుంది, అదీ నెల ముందు, రోజు తర్వాత. జనార్దన్ మన అలవాటు కొద్దీ రోజు ముందు వేశాడు. మెషిన్ నోరెత్తకుండా అది సెప్టెంబరు ఎనిమిది అనుకుంది; ప్రోగ్రాం వరుసలో వేసేటప్పుడు మాత్రం మన పద్ధతిలో రోజే ముందు వేసింది. ఇంకో పొరపాటు కూడా జరిగింది. ప్రోగ్రాం ఫైళ్లలో ఇలాంటి వరుస ముందు నక్షత్రం గుర్తు (*) పెడితే మెషిన్ దాన్ని వదిలేస్తుంది. ఆయుష్షు ఫైలు ప్రోగ్రాం కాదు, ఉత్త ఫలితాల ఫైలు. అందులో ఏముంటే అది అచ్చవుతుంది. అది అతనికి తట్టలేదు.

ఫ్లాపీ ఆగస్టు నెలాఖరుకు కోదాడ చేరింది. సెప్టెంబరు ఒకటిన అక్కడి శాఖ చూసే దేవసహాయం ఫోన్ చేశాడు.

"గరిడేపల్లి దామోదర్ గారి జాతకం వాళ్లావిడ రాధమ్మ గారు తీయించారండి. ఆయుష్షు దగ్గర కింద ఏమొచ్చిందో తెలుసా? నాలుగు, 08-09-1995, 11:20, జనార్దన్! చావు తేదీ, టైము, చంపేవాడి పేరు కూడా వచ్చేశాయి. నాలుగంటే మోసే నలుగురని రాధమ్మ గారు ఒకటే ఏడుపు."

జనార్దన్ రిసీవర్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. "ఆయనకొక్కనికేనా?"

"ఆరుగురికి వచ్చిందండి. అనుమానమొచ్చి నాదీ తీశాను. నాకూ అదే తేదీ!"

ఆరుగురికీ ఒకే గడియలో రాసిపెట్టి ఉందంటే అది బస్సు ప్రమాదమేనని కోదాడలో తేల్చేశారు. జనం డ్రైవర్ పేరు అడిగి మరీ బస్సెక్కసాగారు. పాపం, జనార్దన్ అనే డ్రైవర్ ఒకడు భయపడి సెలవు పెట్టాడు. కొందరు మిర్యాలగూడ వెళ్లి మళ్లీ జాతకం తీయించారు. అక్కడికి కొత్త ఫ్లాపీ చేరలేదు కనుక తేదీ రాలేదు. గండం కోదాడకేనని రూఢి అయింది. మిర్యాలగూడలో చుట్టాలున్నవాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు.

జనార్దన్ ఇక ఆగలేక దేవసహాయంతో నిజం చెప్పించాడు. అది చావు తేదీ కాదు, ఫైలు మార్చిన తేదీ అని, జనార్దన్ సూర్యాపేట సెంటర్‌లో పనిచేసే మనిషి అని. మొదటి మాట ఎవరూ నమ్మలేదు. రెండోది అందరూ నమ్మారు. చంపేవాడి అడ్రసు దొరికిందన్నమాట.

మర్నాడే దామోదర్ కబురు పంపాడు: "ఎనిమిదో తారీకు వస్తున్న. వాణ్ని గాడనే ఉండుమనుండ్రి."

ఆ వారం జనార్దన్‌కు ముద్ద దిగలేదు. దామోదర్ చెయ్యి ఎంత బరువో గరిడేపల్లిలో చాలా దవడలకు తెలుసు. సాగర్‌లో మేనమామ దగ్గరికి పారిపోదామని సంచి సర్దుకుంటే శంకరయ్య తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు పోతే నన్ను పట్టుకుంటడు. చేసినోని పేరే ఉండాలంటివి కదా, ఇగ ఉండు!"

శుక్రవారం రానే వచ్చింది. సరిగ్గా పదకొండుకు సెంటర్ ముందు జీపు ఆగింది. దామోదర్ దిగాడు. వెనక నలుగురు దిగారు. నలుగురు! ఆ నలుగురూ మోసేది తననేనని జనార్దన్‌కు అర్థమైపోయింది. ప్రింటర్ వెనక నక్కబోతే సువర్ణ చొక్కా పట్టి లాగింది.

"జనార్దన్ అంటే నువ్వేనా?"

"నేనే పటేలా," అన్నాడు.

"కూసో. చేతులియ్యి."

జనార్దన్ చేతులు చాచాడు. దామోదర్ ఆ రెండు చేతులనూ తన రెండు చేతులతో బిగించి పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. చూపు గోడ గడియారం మీద ఉంది. చిత్రంగా ఆయన చేతులే ఎక్కువ వణుకుతున్నాయి. నుదుటి మీద చెమట కారుతోంది.

"నీ చేతుల నా చావుంది కదా. గా టైం దాటేదాంక ఇడిస్తనా?"

పదకొండున్నర దాకా ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని వణికారు. అప్పటికి దామోదర్ ఊపిరి వదిలి చేతులు వదిలాడు. సువర్ణ మంచినీళ్లిచ్చి, నెల ముందు, రోజు తర్వాత అన్న సంగతితో మొదలుపెట్టి అంతా విడమరిచి చెప్పింది. జనార్దన్ రెండు దవడలూ సిద్ధం చేసుకున్నాడు.

"తప్పయింది పటేలా. గా లైను ఇయ్యాలనే తీసేస్త. నోటుబుక్కుల రాసుకుంటం."

"ఎందుకు తీస్తవ్?" దామోదర్ కస్సుమన్నాడు. "పేరు లేకుంటే ఇయ్యాల నేనెవని చేతులు పట్టుకుంటుంటి? వారం సంది నాకున్న ధైర్యం గదొక్కటే. ఉండాలె! ఈసారి తప్పొస్తే మాత్రం చేతులు పట్టుకోను, మెడ పట్టుకుంట."

జీపు వెళ్లిపోయింది. అప్పటిదాకా వెనక గదిలో ఉన్న శంకరయ్య మెల్లగా బయటికొచ్చాడు.

ఆ సాయంత్రమే జనార్దన్ ఆయుష్షు ఫైలుకు ఐదో మార్పు చేశాడు. తేదీ సరిగ్గా వేశాడు. పేరు మాత్రం, సెంటర్ ఆయనదే కనుక, శంకరయ్యది.