అత్తగారి పంటిగాటు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టాలని నాకూ సరదాగానే ఉంది గానీ, మాది అంత పెద్ద అడవేమీ కాదు. ఈ చివర తుమ్మితే ఆ చివర వాళ్లకి వినబడుతుంది. అయినా పెద్ద అడవులకి పట్టే పిచ్చులన్నీ మాకూ పట్టాయి.

నేను కొండముచ్చుని. పేరు గుంపస్వామి. కాయ కనబడితే కోసుకోవడం, కోసుకున్నది తినడం తప్ప మా వంశంలో ఎవరికీ ఇంకో విద్య రాదు. అలాంటి నేను జామకాయలు కొనుక్కుని తిన్నాను. అదీ జామచెట్టు మీద కాపురం ఉంటూ. నవ్వాలనుకుంటే నవ్వండి, ముందుముందు ఇంకా ఉంది.

ఆ చెట్టు కూడా నాది కాదు. మా అత్తగారు పైడమ్మ వాళ్లమ్మ ఎప్పుడో తిని ఉమ్మిన గింజ వాగు ఒడ్డున మొలిచింది. మా పెళ్లికి మా అత్తగారు దాన్ని పసుపు కుంకుమ కింద నా భార్య నూకాలుకి ఇచ్చింది. చెట్టుతో పాటు తనూ వచ్చేసింది. అప్పటికే ఆవిడ నోట్లో ఒకే ఒక్క పన్ను మిగిలింది. ముందు పన్ను. సన్నగా, కొంచెం వంకరగా, బాగా గట్టిగా ఉండేది.

హాయిగానే ఉన్నాం. అప్పుడు ఎలుగుబంటి జోగారావు వాగు దగ్గర దుకాణం తెరిచాడు. పైన ఆర్గానిక్ అని బోర్డు. ఆ మాటకి అర్థం అడగడానికి అందరికీ మొహమాటం. నేనైతే తెలిసినవాడిలా తల ఊపాను.

"గుంపస్వామీ, నువ్వు మీ చెట్టు కాయలే తింటున్నావా?" అని అడిగాడు ఒకరోజు, జ్వరం తగ్గిందా అని అడిగినట్టు.

"అవునండి."

"వాగు అవతల మనుషులు చేలకి మందు కొడుతున్నారు. గాలి ఇటే వీస్తుంది. మీ కాయల మీద ఆ మందు పడలేదని గ్యారంటీ ఏముంది?"

చెట్టుంది, కాయలున్నాయి, ఆకలీ ఉంది. గ్యారంటీ అనేది ఉండాలని అంతవరకూ నాకెవరూ చెప్పలేదు. ఆ పూట కాయ గొంతు దిగలేదు.

జోగారావు కాయలకి గ్యారంటీ ఉంది. ప్రతి కాయకీ పురుగు తొలిచిన కన్నం ఉంటుంది. మందు పడిన కాయని పురుగు ముట్టదు కాబట్టి, పురుగు ముట్టిందే మంచి కాయ. అలాంటి కాయ ఒకటి కావాలంటే మన చెట్టు కాయలు బుట్టెడు ఇవ్వాలి. ఆ బుట్ట వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్తుంది. లోపల పురుగులు వరసగా కూర్చుని కన్నాలు పెడతాయి. మర్నాడు ఆ కాయే ముందు గుమ్మంలోంచి మా చేతికి వస్తుంది. ఇదంతా నేను కళ్లారా చూశాను. చూసి, ఎంత శ్రద్ధగా పనిచేస్తున్నాయో అనుకున్నాను.

మా అత్తగారు మాత్రం కాయని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బుట్టెడు కాయలు పోసి పురుగు ఎంగిలి తెచ్చారా అల్లుడుగారూ?"

"ఎంగిలి కాదత్తగారూ, పరీక్ష" అన్నాను.

కొన్నాళ్లకి ఏదుపంది మహలక్ష్మమ్మ ఎదురుగానే ఇంకో దుకాణం పెట్టింది. అక్కడ అన్నీ చిలక కొట్టిన కాయలు. "పురుక్కి రుచేం తెలుసు? చిలక కొట్టిందంటే మందూ లేనట్టే, తీపీ ఉన్నట్టే" అని ముళ్లు విదిలించి మరీ చెప్పేది. దాంతో అడవి రెండుగా చీలిపోయింది. పురుగు కాయలు తినేవాళ్లు చిలక కాయలు తినే ఇళ్లకి పిల్లనివ్వడం మానేశారు.

కానీ నిజం చెప్పాలంటే మాకు అవే మంచి రోజులు. పంతాలకి పోయి జోగారావు అరబుట్టకే కాయ ఇచ్చాడు. మహలక్ష్మమ్మ ఇంకో మెట్టు దిగి, పైన ఉసిరికాయ కొసరు వేసింది. నేను పొద్దున పురుగు పార్టీ, సాయంత్రం చిలక పార్టీ. రెండు చోట్లా నన్ను గుంపస్వామిగారూ అని పిలిచేవాళ్లు.

అలాంటప్పుడు ఎక్కడినుంచో పునుగుపిల్లి సుగంధరావు దిగాడు. అతని పని దుకాణాలకి సలహాలు ఇవ్వడం. అతను వచ్చి పక్కన కూర్చుంటే ఆ వాసనకే సగం ఒప్పేసుకుంటాం. వాగు ఒడ్డున మీటింగు పెట్టి, రెండు దుకాణాలూ ఒకటవుతున్నాయని చెప్పాడు.

"రెండు గుమ్మాలు, రెండు గోదాములు, ఈ దండగంతా ఎవరి నెత్తిన పడుతోంది? మీ నెత్తినే. ఒకే దుకాణమైతే ఖర్చు తగ్గుతుంది. ఖర్చు తగ్గితే ధర తగ్గుతుంది" అన్నాడు.

మేమంతా చప్పట్లు కొట్టాం. నాకు చేతులు చాలక కాళ్లతో కూడా కొట్టాను.

దుకాణాలు కలిసిన మర్నాడే వెళ్లాను. కాయకి రెండు బుట్టలన్నారు. ఇదేమిటండీ అంటే సుగంధరావు చిరునవ్వు నవ్వాడు.

"ఇప్పుడు రెండు పరీక్షలు కదండీ. పురుగూ తొలవాలి, చిలకా కొట్టాలి."

కాయ చూస్తే ఒక పక్క చిలక తినేసింది, మిగతాది పురుగు తినేసింది. మధ్యలో గింజలు పట్టుకునే పాటి గుజ్జు ఉంది. ఎదురుగా వెళ్లి అడుగుదామా అంటే ఎదురు దుకాణమే లేదు. అక్కడ గోదాము కట్టారు.

"ఇందులో తినేదేదీ లేదే" అంది నూకాలు.

"అదే ఆరోగ్యం. తిండి తగ్గితే ఒంటికి మంచిదట" అన్నాను.

నూకాలు బుగ్గలు పీక్కుపోయాయి. మా అత్తగారు పొద్దస్తమానం కొమ్మకి ఆనుకుని పడుకునేది. తల మీద కాయలు వేలాడుతుంటే, కింద మేం ముగ్గురం గింజలు చీకుతూ కూర్చునేవాళ్లం. గ్యారంటీ లేని కాయ ఇంట్లో ఎవరూ ముట్టకూడదని ఆజ్ఞ వేసింది నేనే. నాకూ ఆకలి వేసేది. కానీ ఇరుగుపొరుగు ముందు ఆ కన్నం కాయ పట్టుకుని నడుస్తుంటే ఏదో గొప్పగా ఉండేది.

రెండు బుట్టలు మూడయ్యాయి. చెట్టు ఎంత కాసినా చాలడం లేదు. అప్పుడు సుగంధరావు నన్ను పక్కకి పిలిచాడు.

"ఎందుకండీ ఈ మోత? చెట్టే మాకు రాసిచ్చెయ్యండి. పరీక్ష అయిన కాయ రోజూ మీ కొమ్మ దగ్గరికే వస్తుంది. మీ కాపురం చెట్టు మీదే. కాయల మీద మాత్రం చెయ్యి వెయ్యకూడదు. వేస్తే చెట్టు దిగిపోవాలి. ఈ పథకంలో మొదటి సభ్యులు మీరే అవుతారు."

ఆ మొదటి సభ్యుడు అన్న మాట నన్ను పడేసింది. అప్పటికి నూకాలు వాగుకి నీళ్లకి వెళ్లింది, అత్తగారు నిద్రపోతోంది. ఇద్దరికీ మాటైనా చెప్పకుండా మోదుగాకు మీద తోకముద్ర వేసేశాను.

నూకాలు తిరిగొచ్చి సంగతి విని అరవలేదు, ఏడవలేదు. "మా అమ్మ చెట్టయ్యా అది" అంది అంతే. నాకు సిగ్గేసింది. సిగ్గేసినా, వాళ్లు కొమ్మకి కట్టిన సభ్యుడి బిళ్ల మాత్రం నలుగురికీ కనబడేలా తిప్పి పెట్టుకున్నాను.

ఇంకో వారం గడిచిందో లేదో, ఒక పొద్దున చూద్దును కదా, మా అత్తగారి తలకి పైనున్న కాయకి గాటు ఉంది. ఆవిడ మూతి తుడుచుకుంటోంది.

"అత్తగారూ, మనల్ని చెట్టు దింపేస్తారు" అన్నాను.

"ఆకలేసింది అల్లుడుగారూ. కొరికాను. మొత్తం తినేద్దామనుకునేసరికి మీరు లేచారు."

ఇంతలో దుకాణం కూలీలైన ఉడతలు వచ్చి కాయలన్నీ కోసుకుపోయారు. ఆ గాటు కాయ కూడా వెళ్లిపోయింది. ఇవాళో రేపో బిళ్ల పీకి మమ్మల్ని గెంటేస్తారని ముగ్గురం కొమ్మ పట్టుకుని కూర్చున్నాం.

సాయంత్రానికి సుగంధరావు తనే వచ్చాడు. చేతిలో ఆ కాయే.

"ఇంత పొందికైన చిలక గాటు నేనెక్కడా చూడలేదు. దీని కోసం దుకాణంలో కొట్టుకుంటున్నారు. మీ చెట్టు మీద వాలే ఆ చిలక ఎవరండీ?"

భయానికి నా నోట్లోంచి నిజం జారిపోయింది. "చిలక కాదండీ. మా అత్తగారు."

అతను ఆవిడ నోట్లోకి తొంగి చూశాడు. ఒంటి పన్ను చూశాడు. ముఖం వెలిగిపోయింది. చిలకలు ఎక్కువ తింటున్నాయని అప్పటికే సగాన్ని తీసేశారు. మిగిలినవి అలిగి పని మానేశాయి. పురుగులేమో పరీక్ష పేరుతో గోదాములో తిని పడుకుంటున్నాయి.

"అమ్మా, మా దుకాణానికి పరీక్షాధికారిగా ఉంటారా? ఒక్క గాటు పెడితే చాలు. పరీక్షకి కొరికిన ముక్క మీదే" అన్నాడు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. గెంటేస్తారనుకుంటే ఉద్యోగం వచ్చింది. అత్తగారు ఏం చెబుతుందోనని చూస్తే, ఆవిడ సరే అంది.

చిలకలన్నిటికీ, పురుగులన్నిటికీ సెలవిచ్చేశారు. చిలకలు కొండ దాటి వెళ్లిపోయాయి. పురుగులు రెక్కలొచ్చి సీతాకోకచిలుకలై ఎగిరిపోయాయి. రెండు దుకాణాల పని ఒక్క పన్ను మీద నడుస్తోందని జోగారావూ మహలక్ష్మమ్మా మురిసిపోయారు.

అత్తగారు మా చెట్టు మీదే కూర్చుని కొరికేది. నా తర్వాత సభ్యులైనవాళ్లు రాసిచ్చిన ఇతర చెట్ల కాయలూ కూలీలు మోసుకొచ్చేవారు. ఆవిడ కొరికి, నమిలి, కళ్లు మూసుకుని, "ఊఁ, ఇది పరవాలేదు" అంటే అది దుకాణానికి వెళ్లేది. పైడమ్మ గాటు అంటే అడవంతా పడి చచ్చేవాళ్లు. కొమ్మకొచ్చే సభ్యుడి కాయ చాలక, నేనూ కింద వరసలో నిలబడి, అడవిలో ఏరిన కాయలు పోసి ఆవిడ కొరికిన కాయ కొనుక్కునేవాణ్ణి. సొంత అల్లుణ్ణని చెప్పుకున్నా ధర తగ్గించలేదు.

ఆవిడ మాటకి అలా గిరాకీ కుదిరాక, ఒక రోజు కాయ కొరికి ముఖం చిట్లించింది.

"మందు వాసన" అని కిందికి విసిరేసింది.

ఇంకోటి కొరికింది. అదీ విసిరేసింది. ఆ రోజు ఒక్క కాయ కూడా పరీక్ష గట్టెక్కలేదు. పరీక్షలో పోయిన కాయ ఇక్కడ అమ్మబడదు అని గుమ్మం మీద రాయించింది సుగంధరావే. కాబట్టి దుకాణం ఖాళీ. చెట్టు కింద మాత్రం కుప్ప. కుందేళ్లు, దుప్పులు, అడవిపందులు వచ్చి ఆ కుప్ప తింటుంటే, ఇది మందు కాయ అని నేను వాళ్లని వారిస్తూ తిరిగాను. ఎవరూ వినలేదు. ఎవరికీ ఏమీ కాలేదు కూడా.

జోగారావు చేతులు కట్టుకుని వచ్చాడు. "అమ్మా, రోజుకి ఒక బుట్టైనా పాస్ చెయ్యండి."

"నా పంటికి అబద్ధం రాదు నాయనా" అంది అత్తగారు.

"ఈవిణ్ణి మార్చెయ్యండి" అంది మహలక్ష్మమ్మ.

"ఎవరితో మార్చమంటారు? చిలకలు లేవు, పురుగులు లేవు" అన్నాడు సుగంధరావు. ఆ రోజు అతని దగ్గర వాసన కూడా అంతగా రాలేదు.

అప్పుడు అత్తగారు అందరికీ వినబడేలా చెప్పింది. "లోపం కాయల్లో లేదు బాబూ. ఈ చెట్టులోనే ఉంది. దీని కాయలు మీవని బయట తెలిస్తే ఇక మీ గుమ్మం ఎవరూ తొక్కరు. ఇవాళ ఈ చెట్టు. రేపు మిగతా చెట్లవి కూడా కొరికి చూస్తాను."

జోగారావు పరుగున గోదాములోకి వెళ్లాడు. వరసలో ఉన్నవాళ్లంతా చూస్తుండగా నా తోకముద్ర వేసిన ఆకు తెచ్చి పరపరా చింపేశాడు. "ఈ చెట్టుకీ మా దుకాణానికీ ఏ సంబంధమూ లేదు" అని అరిచి చెప్పి, నా సభ్యుడి బిళ్ల కూడా పీకి పట్టుకుపోయాడు. ఆ తర్వాత అత్తగారు కాయ కొరికిన చెట్టునల్లా వదిలేసుకుంటూ వచ్చారు. చివరికి దుకాణంలో బోర్డు ఒక్కటే మిగిలింది. సుగంధరావు పక్క అడవిలో రెండు వాగుల్ని కలపాలని వెళ్లాడట.

చెట్టు మాకు తిరిగొచ్చిన రోజున నూకాలు కడుపు నిండా తింది. తింటూ కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం కాయ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"ఏమయ్యా, తినవేం?" అంది.

"మందు పడిన చెట్టని పరీక్షాధికారే చెప్పింది కదే" అన్నాను.

అత్తగారు నా వైపు చూసిన చూపు పగవాడికి కూడా వద్దు. "మంచి చెట్టంటే వాళ్లు వదిలేవారా అల్లుడుగారూ?" అని, నా చేతిలోని కాయ లాక్కుని ఒక గాటు పెట్టి మళ్లీ నా చేతిలో పెట్టింది. అప్పుడు తిన్నాను. ఎంత బాగుందో చెప్పలేను.

ఇప్పటికీ ఆవిడ కొరికి ఇస్తేగాని నాకు కాయ సయించదు. ఈమధ్య ఆ పన్ను కదులుతోంది. చెట్టు విరగకాసింది, ఇంట్లో వాళ్లు నిక్షేపంగా ఉన్నారు, నాకే దిగులు పట్టుకుంది. అందుకే నిన్న నూకాలు చూడకుండా పక్క అడవికి వెళ్లే కాకితో సుగంధరావుకి కబురంపాను, మళ్లీ ఎప్పుడు వస్తారని.

ఈ కథలో నీతి: కాయకి పట్టిన పురుగు కన్నం దగ్గర ఆగుతుంది, కొనేవాడి బుర్రకి పట్టిన పురుగు చెట్టు తిరిగొచ్చినా ఆగదు.