ఐదు కుర్చీలు, ఒక్క వదిన

ఆస్పత్రి ల్యాబుల్లో మనుషులు దొరకడం లేదని లోకమంతా గుండెలు బాదుకుంటోంది. ఎందుకండీ ఆ ఏడుపు? ఉద్యోగికి అంతకు మించిన అదృష్టం ఇంకొకటుందా? నమ్మకపోతే మా వదినను చూడండి.

మా వదిన ల్యాబ్ టెక్నీషియన్. చేరిన కొత్తలో ఆ గదిలో ఐదుగురుండేవారు. ఇద్దరు రిటైరయ్యారు, ఇద్దరు మానేశారు. వాళ్ల చోట్లోకి ఎవరూ రాలేదు. ఫలితం? ఎవరి కాళ్లూ పట్టుకోకుండానే వదిన ఇన్‌ఛార్జి అయిపోయింది!

పైగా అక్కడ ఆఫీసు రాజకీయాలు సున్నా. ఒకరు చేసిన టెస్టును ఇంకొకరు సరిచూసి సంతకం పెట్టాలని రూలు. వదిన మిషన్ దగ్గర టెస్టు చేస్తుంది. తర్వాత లేచి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, చేసినదెవరో తెలియనట్టు మొహం పెట్టి సరిచూస్తుంది. మొన్నొక తప్పు దొరికిందట. "ఎవరమ్మా ఇది చేసింది?" అని కసురుకుని, మిషన్ దగ్గరికి వెళ్లి నోరు మూసుకుని మళ్లీ చేసుకొచ్చింది. ఇంత సామరస్యం ఏ ఆఫీసులో ఉంది చెప్పండి?

ఈ మధ్య నాలుగు మెట్లెక్కితే వదినకు ఆయాసం. మొహం పాలిపోయింది. "ఒకసారి రక్తం చూసుకో వదినా" అన్నాను.

"తీసి పెట్టానయ్యా. అర్జెంటువన్నీ అయ్యాక నాది పెడతా."

ఏ రోజు అర్జెంటు ఆ రోజుకుంది. వదిన ట్యూబు స్టాండులో చివరే ఉండిపోయేది. మర్నాడు అది పారేసి మళ్లీ గుచ్చుకునేది. ఇలా నాలుగుసార్లు! తన రక్తం తనే తీసుకోవడంలో ఇప్పుడు ఆమెను మించినవారు లేరు. నైపుణ్యాభివృద్ధి అంటే ఇదే కదా? నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. ఐదోసారి నేనే వెళ్లి మిషన్ పక్కన నిలబడ్డాను.

హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సింది, ఆరుంది. వదిన నమ్మక మళ్లీ చేసింది. ఆరే.

పై అంతస్తులో డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఇవాళే అడ్మిట్ అవ్వు. పదిహేను రోజులు సెలవు పెట్టు" అంది. వదిన బుద్ధిగా సెలవు చీటీ రాసింది. ల్యాబువాళ్ల చీటీ ముందు ఇన్‌ఛార్జి చూడాలి. ఇన్‌ఛార్జి దాన్ని రెండుసార్లు చదివి, తల అడ్డంగా ఊపి, "మనుషులు లేరు, కుదరదు" అని రాసి సంతకం పెట్టేసింది.

కాబట్టి పాఠకులారా, మీ అమ్మాయినో అబ్బాయినో ఈ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పించండి. నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాస్త తొందరగా పంపండి. ఐదో కుర్చీ ఆవిడ ఇవాళ గోడ పట్టుకుని నడుస్తోంది.