ఎడమ వెనుక స్పీకర్

ట్రెవర్ టింగిల్ తన ఇంట్లోకి తనే దొంగలా దూరాడు. కోటు కింద ఒక స్పీకర్, సంచిలో పాత దుప్పటి చుట్టిన ఇంకో స్పీకర్, వెనక తలుపు, బుధవారం మధ్యాహ్నం. పొరుగింటి పిల్లి చూసింది గాని అది సాక్ష్యం చెప్పే రకం కాదు.

దొంగతనం దేనికయ్యా అంటే, ఇంకో స్పీకర్ ఇంట్లో అడుగుపెట్టదని పదమూడేళ్ల కిందట భార్య గ్లెనిస్‌కి మాటిచ్చాడు. అప్పట్లో ఆయన కొన్న బాస్ డబ్బా ఒకటి నేల అదిరేలా మోగి, అత్తగారి నీలం పూల పింగాణీ పళ్లేలను అలమరలోంచి వరసగా నడిపించి కింద పడేసింది. గ్లెనిస్ ఆ పెంకులు ఊడుస్తూ ఒకే ఒక్క మాట అంది.

"ఇంకో స్పీకర్ లోపలికి వస్తే నేను బయటికి పోతా, ట్రెవ్. ఏది కావాలో తేల్చుకో."

తేల్చుకోవడానికి ఆయన అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే తీసుకున్నాడని ఆవిడ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

అలాంటిది ఆ మాట తప్పడానికి ట్రెవర్ తెగించాడంటే దానికి పెద్ద కారణమే ఉంది. ఆ కారణం పేరు డెంజిల్ క్రోఫ్ట్. తన రాక్ బృందంతో తగువుపడి బయటికొచ్చేసిన గాయకుడు. 1976లో కెట్టరింగ్ దగ్గర ఒక పాత భవంతి అద్దెకు తీసుకుని, ఒంటరిగా తన పాటలు రికార్డు చేసుకున్నాడు. ఆఖరి పాటకు ఆడవాళ్ల బృందగానం కావాలన్నాడు. ఊళ్లో బూట్ల ఫ్యాక్టరీలో తోలు కుట్టే ఆడవాళ్లు పాడతారని ఎవరో చెప్పారు. పన్నెండు మంది బస్సెక్కి వెళ్లి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి పాడి, టీ తాగి, తలా ఒక పోర్క్ పై, అంటే పంది మాంసం కూరిన పేస్ట్రీ, తిని ఇంటికొచ్చారు. ఆ పన్నెండో అమ్మాయి గ్లెనిస్. అప్పటికి పందొమ్మిదేళ్లు.

తీరా రికార్డు బయటికొచ్చాక చూస్తే, పాపం, పన్నెండు మందీ గిటార్ల కింద పడి నలిగిపోయారు. ఎంత చెవి ఒగ్గినా ఏదో గాలి వీచినట్టుంటుంది, అంతే.

ట్రెవర్ ముందు ఆ రికార్డుతో ప్రేమలో పడ్డాడు, తర్వాత అందులో పాడానన్న అమ్మాయితో. పెళ్లి విందులో అదే పాట పెట్టించి, స్పీకర్‌కి చెవి ఆనించి, బంధువులందరి ముందూ అన్నాడు. "ఏదీ, నువ్వెక్కడా దొరకవే! నిజంగా పాడావా, పోర్క్ పై తినడానికి వెళ్లొచ్చావా?"

అందరూ పడీపడీ నవ్వారు. గ్లెనిస్ కూడా నవ్వింది. కానీ ఆ రోజు నుంచి ఆ పాట ఊసు ఎత్తలేదు. ఎత్తడం లేదని గమనించడానికి ట్రెవర్‌కి పదేళ్లు పట్టింది. క్షమించమని అడగడానికి మిగతా ముప్పై ఐదేళ్లూ చాలలేదు.

ఇప్పుడు పెళ్లయి నలభై ఐదేళ్లు నిండబోతున్నాయి. సరిగ్గా ఇప్పుడే డెంజిల్ క్రోఫ్ట్ పాటలన్నీ కొత్తగా, నాలుగు వైపుల నుంచీ వినిపించేలా మళ్లీ కలిపి విడుదల చేశారు. దాంతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో ఆ పని చేసినాయన రాశాడు: "బృందగానం టేపు విడిగా దొరికింది. ఎంత బాగుందంటే, దాన్ని గిటార్లకు దూరంగా, వినేవారి వెనక, ఎడమ పక్కన ఒంటరిగా నిలబెట్టాను."

అది చదివి ట్రెవర్ ఒక నిర్ణయానికొచ్చాడు. గ్లెనిస్‌కి గ్లెనిస్ గొంతునే కానుకగా ఇవ్వాలి. ఇచ్చేముందు తను విని, "దొరికావు" అని చెప్పాలి. ఆ ఒక్క మాట కోసం ఎన్ని ప్రమాణాలైనా తప్పొచ్చు అనుకున్నాడు.

గ్లెనిస్ ప్రతి బుధవారం రెండింటికి చర్చి పాటల సాధనకు వెళ్తుంది, నాలుగింటికి వస్తుంది. ఆ రెండు గంటలూ ట్రెవర్‌వి. ముందు రెండు పాత స్పీకర్లు ఉండనే ఉన్నాయి. కుడి వెనక స్పీకర్‌ని రబ్బరు మొక్క చాటున దాచాడు. ఎడమ వెనకదాన్ని గ్లెనిస్ ఉన్ని బుట్టలో దింపి, పైన రెండు ఉండలు పరిచాడు. తన తిరుగుడు కుర్చీని నట్టనడుమ పెట్టి, ముక్కు నుంచి నాలుగు స్పీకర్లకూ టేపుతో కొలిచాడు. దర్జీ కూడా అంత శ్రద్ధగా కొలవడు. ఆ పుస్తకాన్ని బాయిలర్ వెనక దాచి, పాట పెట్టి కళ్లు మూసుకున్నాడు.

ముందు నుంచి గిటార్ గలగలమంది. కుడి వెనక తాళాలు ఖంగుమన్నాయి. ఎడమ వెనక, పన్నెండు మంది ఆడవాళ్లు నిలబడాల్సిన చోట, ఎవరో దుప్పట్లో మొహం దాచుకుని సణుగుతున్నట్టుంది.

"స్పీకర్ చచ్చింది," అన్నాడు ట్రెవర్ గోడతో.

ఇలాంటి వ్యవహారాల్లో ఆయనకో పద్ధతి ఉంది. కుడి వైరును రెండు చివర్లా విప్పి ఎడమకి, ఎడమదాన్ని అలాగే కుడికి మార్చాలి. లోపం చోటు మారిందా, పాపం వైరుది. మారలేదా, స్పీకర్‌ది. ఈ సూత్రం ఆయన గ్లెనిస్‌కి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. వైర్లు మార్చాడు. ఎడమ పక్కే సణుగుడు. అంటే స్పీకరే.

మర్నాడు దాన్ని దుకాణానికి మోసుకెళ్లాడు. దుకాణదారు స్పింక్స్ తన చెవితో విని పెదవి విరిచాడు.

"దీనికే రోగమూ లేదు, ట్రెవర్. శుభ్రంగా పాడుతోంది."

"నీ దగ్గర పాడుతుంది. మా ఇంటికొస్తే మొరాయిస్తుంది."

"మార్చి ఇస్తాలే, నా బుర్ర తినకు."

మార్చిన స్పీకరూ మొరాయించింది. తర్వాతి బుధవారం ఉన్ని ఉండలు తీసేశాడు. ఆపై వారం కర్టెన్లు విప్పేశాడు, అవి శబ్దాన్ని మింగేస్తున్నాయని. అడిగితే ఉతకడానికన్నాడు. ఆయన కర్టెన్లు ఉతకడం గ్లెనిస్ పెళ్లయ్యాక మొదటిసారి చూసింది.

నాలుగో బుధవారం వచ్చింది. శనివారమే పెళ్లిరోజు. ఎడమ వెనక స్పీకర్ ఒక్కదాని శబ్దం పెంచాడు. ఇంకా పెంచాడు. మీట ఇక తిరగనన్నదాకా పెంచాడు. అప్పుడు వినపడ్డారు, పన్నెండు మందీ! లీలగా, ఎక్కడో కొండ అవతల ఉన్నట్టు, కానీ వినపడ్డారు. ఎడమ చెవిని ఆ వైపు చాచి, నోరు తెరుచుకుని, ఆ గొంతుల్లో తన గ్లెనిస్‌ని వెతుక్కుంటున్నాడు.

వెతుక్కుంటుండగా తలుపు తెరుచుకుంది. గుమ్మంలో గ్లెనిస్. ఆవిడ వెనక, రెండిళ్లకీ ఒకటే గోడ కాబట్టి ఆ గోడకు అటు పక్క కాపురముండే మిసెస్ ప్లంరిడ్జ్. చేతిలో అద్దం పగిలిన ఫోటో ఫ్రేము.

"ట్రెవర్!" మిసెస్ ప్లంరిడ్జ్ చెవులు మూసుకుని అరిచింది. "మీ ఇంట్లో ఎవరైనా చచ్చిపోయారా, లేక చంపుతున్నారా? మా ఆయన ఫోటో గోడ మీంచి దూకేసింది! బతికున్నన్నాళ్లూ అంత చురుగ్గా కదిలిన మనిషి కాదు!"

గ్లెనిస్ తిన్నగా నడిచివెళ్లి పాట ఆపింది. మిసెస్ ప్లంరిడ్జ్‌కి కొత్త ఫ్రేము ఇస్తామని చెప్పి పంపించింది. ఆర్గన్ వాయించేవాడికి నడుం పట్టేసి సాధన మానేశారట, అదీ ట్రెవర్ ఖర్మ.

"నేను చెప్తా, గ్లెన్..." అన్నాడు ట్రెవర్.

"ఉన్ని బుట్టలో ఒకటి, రబ్బరు మొక్క వెనక ఒకటి, బాయిలర్ వెనక పుస్తకం. ఇంకేమైనా ఉంటే చెప్పు."

ట్రెవర్ నోరు వెళ్లబెట్టాడు. "ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి గురువారం నుంచి. ఈ ఇంట్లో దుమ్ము దులిపేది ఎవరనుకున్నావు?"

"మరి నన్ను వదిలేశావేం?"

"పుస్తకం చదివాను గదా." ఆవిడ గొంతు ఒక్క క్షణం మెత్తబడింది. మరుక్షణం మామూలైంది. "సరే, అది అలా ఉంచు. వీధి చివరి దాకా వినపడేంత గొడవ దేనికి?"

"ఎడమ వెనకది పాడైంది. రెండో స్పీకర్ కూడా పాడే. వైర్లు మార్చినా అంతే!"

గ్లెనిస్ ఆయన్ని లేపి, శబ్దం తగ్గించి, తను ఆ కుర్చీలో కూర్చుని పాట ఆగిన చోటి నుంచే పెట్టింది. పట్టుమని పది క్షణాలు వింది. ఆవిడ కళ్లు చెమర్చడం ట్రెవర్ చూశాడు. బృందం చివరి చరణం ఎత్తుకోబోతుండగా టక్కున ఆపేసింది.

"స్పీకర్‌కేం కాలేదు. నేను లేస్తా, నువ్వు కూర్చో. నీ పద్ధతే వాడదాం. వైర్లు తిప్పావు, స్పీకర్ మార్చావు. తిప్పనిది ఇంకొకటి మిగిలింది."

"ఏమిటది?"

"నువ్వు."

కుర్చీని పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. ట్రెవర్ మొహం వెనక్కి, వీపు ముందుకి. ఇప్పుడు ఉన్ని బుట్ట ఆయన కుడి చేతి వైపు ఉంది. పాట పెట్టింది. పన్నెండు మంది ఆడవాళ్లు ఎదుట నిలబడి పాడుతున్నట్టు స్పష్టంగా వినిపించారు. తాళాలు మాత్రం, నెల రోజులుగా ఖంగుమన్న తాళాలు, రబ్బరు మొక్క వెనక దుప్పటి కప్పుకుని పడుకున్నాయి.

ట్రెవర్ మెల్లగా కుర్చీ తిప్పుకున్నాడు. మళ్లీ తిప్పుకున్నాడు. లోపం ఆయనతో పాటే తిరిగింది.

"పాపం వైరుది కాదు," అన్నాడు చివరికి, నీరసంగా.

"స్పీకర్‌దీ కాదు. చెవులు చూపించుకోమని మూడుసార్లు మొత్తుకున్నా. నువ్వేమన్నావు? ఈ ఊళ్లో నీ చెవుల్లాంటివి ఎవరికీ లేవన్నావు. నిజమే, ఎవరికీ లేవు."

"అయినా నీకెలా తెలిసింది?"

"సాయంత్రాలు నేను కూర్చునేది ఏ పక్కన?"

"ఎడమ పక్క."

"మొదట్లో నా మాట పెడచెవిన పెడుతున్నావనుకుని ఏడ్చాను, తెలుసా? ఇన్నేళ్లకి విసుగొచ్చిందేమో అనుకున్నా. ఒకరోజు కుడి పక్కన కూర్చుంటే అన్నిటికీ జవాబిచ్చావు. అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఏడవడం మానేసి, ఎడమ పక్కన కూర్చుని అనుమతులు తీసుకోవడం మొదలుపెట్టా."

"ఏం అనుమతులు?"

"ముప్పై ఏళ్ల నీ పాత స్పీకర్ల పత్రికలు అటక మీంచి తీసేయనా అన్నా. ఊఁ అన్నావు. షెడ్డుకి గులాబీ రంగు వేయించనా అన్నా. ఊఁ అన్నావు. మా అక్క డొరీన్‌ని రెండు వారాలు ఉండమని పిలవనా అన్నా. అప్పుడైతే నవ్వి మరీ ఊఁ అన్నావు."

ట్రెవర్ తల పట్టుకున్నాడు. గులాబీ రంగు షెడ్డు చూసి ఇదెవరి పిచ్చి అని తను విస్తుపోవడం గుర్తొచ్చింది.

గ్లెనిస్ చేతిసంచిలోంచి ఒక చీటీ తీసి ఆయన ఒళ్లో పడేసింది. శుక్రవారం పదకొండింటికి చెవుల పరీక్ష. మూడు వారాల కిందటే రాయించి పెట్టింది.

"మిగతా పాట ఇప్పుడు వద్దు," అంది. "నీకు వినపడ్డాకే. ఇద్దరం కలిసే విందాం."

పెళ్లిరోజు దాటిన పన్నెండో నాటికి ట్రెవర్ ఎడమ చెవికి చిక్కుడు గింజంత యంత్రం అమరింది. ఇంటికి రాగానే కెటిల్ బుసలు కొట్టడం విని ఉలిక్కిపడ్డాడు. తన మోకాళ్లు చప్పుడు చేస్తాయని కూడా ఆ రోజే తెలిసింది. కుర్చీ ముందుకి తిప్పుకుని కూర్చున్నాడు. గ్లెనిస్ కుర్చీ చేతి మీద కూర్చుంది, ఎడమ పక్కనే. పాట మొదలైంది.

పన్నెండు మంది ఊపిరి తీసుకోవడం వినపడింది. తర్వాత వాళ్లు పాడారు. గిటార్లు ఎక్కడో ముందు దూరంగా ఉండిపోయాయి. ట్రెవర్ కళ్లు మూసుకుని, పన్నెండు గొంతుల్లో ఏది గ్లెనిస్‌దో పోల్చుకోలేక గాభరాపడ్డాడు. పాట అయిపోవస్తోంది. చివరి మాట దగ్గర అందరూ ఒక్కసారిగా ఆగారు.

ఒక్క గొంతు ఆగలేదు. సన్నగా, ధైర్యంగా, అర ఊపిరి ఎక్కువ పాడి అప్పుడు ఆగింది.

ట్రెవర్ కళ్లు తెరిచాడు. "నువ్వే!"

"నేనే. పాట నేర్పినావిడ ఆపమని చెయ్యి దించడం చూసుకోలేదు. ఆవిడ బస్సులో ఇంటిదాకా తిట్టింది. ఎవరికీ వినపడదులే అనుకున్నా."

"దొరికావు, గ్లెన్." కన్నీళ్లు కారిపోతున్నా ఆయన తుడుచుకోలేదు. "పెళ్లిలో ఆ వెధవ మాట అన్నందుకు క్షమించు. నేను వినకపోయినా నా ఎడమ పక్కనే కూర్చున్నావు చూడు, దానికి నేనేమిచ్చినా తక్కువే."

గ్లెనిస్ ఆయన తల దగ్గరికి తీసుకుంది. "ఇన్నేళ్లకి అడిగావు. చాల్లే."

ట్రెవర్‌కి గుండె నిండిపోయింది. ఇంత మనిషి తన పక్కన ఉన్నందుకు, ఆ స్పీకర్ పాడవనందుకు, తన చెవి పాడైనందుకు కూడా, అన్నిటికీ కలిపి ఎవరికో దణ్ణం పెట్టాలనిపించింది.

"మళ్లీ పెట్టనా?" అన్నాడు.

"పెట్టు. ముందు మేడ మీదికి వెళ్లి డొరీన్‌ని పిలువు. పొద్దున్నే దిగింది, సామాను సర్దుకుంటోంది. రెండు వారాలు కాదట, నెల ఉంటుందట."

"నెలా? నేనెప్పుడు..."

"నిన్న సాయంత్రం అడిగా. ఊఁ అన్నావు."

ట్రెవర్ ఏదో అనబోయి, నోరు మూసుకుని, మెట్ల వైపు నడిచాడు. చివరి మాట 1976 నుంచీ ఆవిడదేనని ఇప్పుడే చెవులారా విన్నాడు మరి.