మూడు కుర్చీలు, మూడు తితిజ్‌లు

ఆ శుక్రవారం ఉదయం గోపీకృష్ణ వేసుకున్న పథకం చాలా సులువైనది. జురాంగ్ ఐలాండ్‌లో తను పనిచేసే ప్లాంటును తనిఖీ చేయడానికి వచ్చిన టర్కీ ఇన్‌స్పెక్టర్ దెమిర్ గారికి మధ్యాహ్నం మంచి భోజనం పెట్టించాలి. రెండు ముక్కలు టర్కిష్‌లో మాట్లాడాలి. టర్కీలోని ఇజ్మీర్‌లో జరిగే ఆర్నెల్ల శిక్షణకు ఆయన చేత తన పేరు రాయించుకోవాలి. దానికోసమే మూడు నెలలుగా వీడియోలు చూసి ఆ భాష నేర్చుకుంటున్నాడు.

ఈ వారం పాఠంలో వచ్చిన మాట 'తితిజ్'. శుభ్రతా జాగ్రత్తా ముదిరి చాదస్తంలో పడ్డవాళ్లను అలా అంటారట. తెలిసినవాళ్ల మీద వాక్యాలు రాసుకుంటే మాట గుర్తుంటుందని టీచరమ్మ చెప్పింది. అలాంటివాళ్లకు గోపీకృష్ణకు కొదవా? మూడు అట్టముక్కల మీద మూడు వాక్యాలు రాసి జేబులో వేసుకున్నాడు.

"నా బ్యాగులో టిష్యూ ప్యాకెట్ ఏదీ?" అన్నాడు వుడ్‌ల్యాండ్స్ ఫ్లాట్ గుమ్మంలో నిలబడి.

"నలిగిపోయిందని పారేశా. సాయంత్రం కొత్తది కొందాంలే," అంది భార్య మహతి, తుడిచిన స్టవ్వునే మళ్లీ తుడుస్తూ.

మధ్యాహ్నం, వరసగా తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో ఇసుక వేస్తే రాలని జనం. "ముందు టేబుల్ చోప్ చెయ్యవయ్యా, నిలబడి తింటామా?" అని మేనేజరు జనార్దనరావు గారు తరిమారు. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మనదే, చోప్ చేయడమంటే అదే, అది ఆ ఊరి ధర్మం. జేబులు తడిమితే అట్టముక్కలే దొరికాయి. కుర్చీకొకటి చొప్పున వాటినే పరిచి, బిర్యానీ క్యూలోకి పరుగెత్తాడు.

ట్రేతో తిరిగొచ్చేసరికి అతని పై ప్రాణాలు పైనే పోయాయి. దెమిర్ గారు మూడు అట్టలూ చేతబట్టి, మేనేజరుకు ఇంగ్లీషులో అర్థం చెబుతున్నారు.

"మా మేనేజరు తితిజ్. స్టేప్లర్ పిన్ను వంకరపోతే రిపోర్టు మళ్లీ ప్రింట్ చేయిస్తారు."

జనార్దనరావు గారి ముఖం జేవురించింది. "నాకా చాదస్తం?"

"సార్, అది హోమ్‌వర్క్ సార్!"

"అయితే మీ ఇంట్లోవాళ్ల మీద రాసుకో!"

"రాశాను సార్, ఒకటి మా ఆవిడ మీదే!"

దెమిర్ గారు మిగిలిన అట్ట చదివారు. "దెమిర్ గారు తితిజ్. ప్రతి బోల్టునూ రెండుసార్లు చూస్తారు." ఆయన నొసలు ముడిపడింది. ఇజ్మీర్ నీళ్లపాలైందని గోపీకృష్ణ ఏడుపుముఖం పెట్టాడు.

"తప్పు. మూడుసార్లు," అంటూ ఆయన పెన్ను తీసి దిద్దారు. మేనేజరు వైపు తిరిగి, "పిన్ను ఎంత వంకరపోతే మళ్లీ ప్రింట్ చేయిస్తారు?" అని అడిగారు.

"వెంట్రుకవాసి చాలు," అన్నారు జనార్దనరావు గారు, కోపం మరిచిపోయి.

ఆ తర్వాత అరగంటసేపు ఇద్దరూ పిన్నుల గురించే మాట్లాడుకున్నారు. బిర్యానీ చల్లారిపోయింది. చివరికి దెమిర్ గారు చేయి రెండుసార్లు తుడుచుకుని, మేనేజరు చేయి పట్టుకుని ఊపారు. "ఇజ్మీర్‌కు నాకు తితిజ్ మనిషే కావాలి. ఈ అట్టల్లో మీరున్నారు, ఇతనే లేడు."

సాయంత్రం గోపీకృష్ణ ఉసూరుమంటూ ఇంటికొచ్చి నాలుగో అట్ట రాశాడు: "నేను తితిజ్ కాను"

టర్కిష్ ఒక్క ముక్క రాని మహతి దాన్ని లైటు కింద పట్టుకుని చూసి, చివర ఫుల్‌స్టాప్ పెట్టింది.