సప్తమ జెల్ విజయము

స్వస్తి! శీతలయంత్ర ఘుర్ఘురారావ బధిరీకృత దిగంతరాళంబును, నానావిధ రసాయన గంధ బంధురంబును, ఎవరి కుర్చీ వారిదే యను ధర్మముచే పాలితంబును నగు నొకానొక ప్రయోగశాలయందు, మంగళవారము, భోజనానంతర నిద్రాసమయమున, ఆరు పరాజయముల గాయములు మానని యొక పరిశోధకురాలు ఏడవ సంగ్రామమునకై చేతితొడుగులు తొడిగెను.

శత్రువెవరనగా, ఒక మానవ జన్యువు. కణములకు శక్తి వండిపెట్టు మైటోకాండ్రియాలో ప్రోటీన్లు నేయు రైబోజోమ్ అను మగ్గము గలదు. ఆ మగ్గమునందలి చిన్న మేకు వంటి యొక ప్రోటీను తయారీ విధానము ఈ జన్యువున లిఖితమై యుండును. దానిని డీఎన్ఏ నుండి ఏరి, కోట్ల ప్రతులు తీసి, మెత్తని జిగురు పలకయగు జెల్‌పై ఒక్క గీతగా చూపవలెను. రెండేండ్లుగా ఆమె బ్రతుకంతయు అదియే. "ఈసారీ రాకపోతే ఆ జీన్ పక్క బెంచీ వాళ్ళకిచ్చేద్దామమ్మా" అని గైడుగారు ఉదయమే సౌమ్యముగా సెలవిచ్చిరి.

"ప్రాణములు పోయినను ఈ జన్యురాజ్యమును పరహస్తగతము కానీయను!" అని ఆమె హృదయమున ఘోషించి, పైకి "సరే సర్" అనెను.

అంతట కొత్త ప్రైమర్లు వచ్చెను. ప్రైమర్లనగా జన్యువు ఇరుకొసలను పట్టియిచ్చు వేగులు. కంటికానని పొడిగా బుల్లి గొట్టములలో వచ్చును. ఆమె మూతపై బొటనవ్రేలు మోపినంతనే, ముప్పదేండ్లుగా ఆ ల్యాబును కాచుచున్న టెక్నీషియన్ అక్క తలయెత్తకయే అడిగెను.

"తిప్పావా?"

"ఏంటక్కా?"

"గొట్టాన్ని మెషీన్లో పెట్టి ఓ నిమిషం తిప్పితే పొడి అడుక్కి దిగుతుంది. లేకపోతే మూతకే అంటుకుని ఉంటుంది, తీయగానే ఎగిరిపోతుంది."

పాత గొట్టముల పొడి ఏనాడో గాలిలో గలిసెననియు, ఆరుమార్లును తాను మహాకౌశలముతో, బొట్టు కొలత తప్పక, వట్టి నీళ్ళు పోసి పోరితిననియు ఎరిగినంతనే ఆమె చెవులెర్రబడెను. వెంటనే గొట్టములు తిప్పెను.

పిమ్మట జన్యువునకు ప్రతులు తీయు పీసీఆర్ యంత్రము ముప్పదైదు మార్లు కాగి చల్లారెను. జెల్ పై డీఎన్ఏ పరుగు ముగిసెను. చీకటిగదిలో, అతినీలలోహిత కిరణ ప్రభాపుంజమున, సరిగ్గా ఉండవలసిన చోట, ఒక గీత వెలిగెను. ఆమె పరుగున పోయి గైడుగారిని పిలుచుకొని వచ్చెను.

గైడుగారు కళ్ళజోడు పైకెత్తి చూచిరి. "ఇంకో రెండుసార్లు ఇలాగే వస్తే నమ్ముతాను. నువ్వే చేయి."

ఇట్లు ఆ వీరవనిత, కోటానుకోట్ల ప్రతులను కూడగట్టి బియ్యపుగింజలో సగమంత గీతను సాధించి, అదే పని మరి రెండుమార్లు చేయు హక్కును అఖండముగా గెలుచుకొనెను.