ఊదా రంగు సుద్ద

ఆ పొద్దున దర్జీకి ఒకటే పని. చలి తగలాలని ఫ్రిజ్‌లో పెట్టిన పూల ఉల్లి దుంపలను తోటలో నాటాలి. పొడవాటి కాడల మీద ఊదా బంతులై పూస్తాయట. "మిషను ముందు కూర్చుని తలెత్తితే చాలు, కిటికీ నిండా ఊదా మబ్బే," అని రోజూ భార్యతో అనేవాడు. వినీ వినీ ఆమెకూ ఆ మబ్బు కలలోకి రాసాగింది.

ఆయన స్నానానికి వెళ్లగానే ఆమె ఫ్రిజ్ తెరిచింది. సంచి ఖాళీగా ఉంది.

"అమ్మా, ఇందులో ఉల్లిపాయలేవి?"

"రాత్రి కూరలో వేశానే. బొత్తిగా సారం లేదు. ఎక్కడ కొన్నారో," అంది తల్లి.

తల్లి ఈ ఇంట్లో ఉండటానికి వచ్చి పట్టుమని నెల కాలేదు. గ్లాసు కింద పెడితే చప్పుడవుతుందేమోనని బెదిరే మనిషి. అల్లుడి కలను వండేశానని తెలిస్తే మర్నాడే పెట్టె సర్దుకుంటుంది. కూతురు గుట్టుగా బుట్టలోని వంట ఉల్లిపాయలతో సంచి నింపింది. ఆయన వాటిని పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు మట్టిలో పెట్టాడు.

చలి వెళ్లాక పూబంతులు నిజంగానే లేచి, గాలికి మత్తుగా ఊగాయి. అయితే తెల్లగా ఉన్నాయి.

ఆయన నిద్ర లేవకముందే ఆమె కుట్టుబల్ల మీది ఊదా సుద్దను పొడి చేసి పూలకు అద్దింది. ఆయన చూసి మురిసిపోయాడు. రంగు రాలినప్పుడల్లా అద్దుతూనే ఉంది. కొన్నాళ్లకు ఆమె అద్దకుండానే రంగు ముదరసాగింది. మబ్బు నిజంగానే దిగివచ్చిందా అని కిటికీ దగ్గర నిలబడిపోయి పొయ్యి మీది పాలు పొంగించేది.

ఒక తెల్లవారుజామున పొగమంచులో ఎవరో పూల మీదికి వంగి కనిపించారు. భర్తే. చేతిలో సుద్దపొడి.

"మీరా?"

"మెల్లగా. అత్తగారు లేస్తారు. ఆ కూర తిన్నప్పుడే నాకు అనుమానం. నాటేటప్పుడు ఖాయమైంది. నువ్వద్దిన రంగు రాలిపోతే ఆవిడకు తెలిసిపోదూ? తెలిస్తే ఇక్కడ ఉంటారా?"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"పూతకొచ్చిన ఉల్లిపాయలు కూరకు పనికిరావు బాబూ," వెనక గుమ్మంలోంచి అంది తల్లి. "గడ్డలు నాటితే పూతకొస్తాయని నాటిననాడే చెబుదామనుకున్నా. కొత్తగా వచ్చినదాన్ని, కల్పించుకుంటే ఏమనుకుంటారోనని ఊరుకున్నా. మీరిద్దరూ చాటుచాటుగా మందు చల్లుతుంటే చీడ పట్టిందేమో అనుకున్నా."

దర్జీ మట్టిలో కూలబడి నవ్వుతూ జరిగిందంతా చెప్పేశాడు. ఆవిడ ఒక పూబంతిని తడిమి, వేలికంటిన ఊదా పొడి చూసుకుంది.

"అయితే వచ్చే ఏడు దుంపలు నేనే ఎంచుతా. ఆ రాత్రి కూరలో వేసినవి మరీ నాసిరకం," అని లోపలికి వెళ్లిపోయింది.

కాసేపటికి వంటింట్లో గ్లాసు ఠంగుమంది.