మూడు రోజులుగా తొక్క రాని ఇల్లు

ఆ ఉదయం అమ్మ వేసుకున్న పథకం చిన్నదే: కూరగాయలు తొక్క తీయకుండా వండటం. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ అన్న మాట ముందురోజు నుంచీ ఆమె చెవిలో జోరీగలా తిరుగుతోంది. "తొక్కలో పీచుంటుందమ్మా, దాని కిందే విటమిన్లూ ఉంటాయి. బాగా కడిగి తొక్కతోనే వండు. చెక్కి పారేస్తే బలం పారేసినట్టే."

పారేసినా బాగుండేది. పన్నెండేళ్లుగా ఆ తొక్కలన్నీ బకెట్టులో వేసి, గోడ మీదుగా పక్కింటి దర్జీ వదినకు అందిస్తోంది, వాళ్ల మేక కోసం. అమ్మ గోడ అవతలికి చూసింది. మేక నిగనిగలాడుతూ కుట్టుమిషను మీదికెక్కి నిలబడింది. ఇటు చూసింది. కొడుకు నాలుగు మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు. కన్నబిడ్డకు పిప్పి పెట్టి, మేకకు బలం పెట్టాను కదా అని లెంపలు వేసుకుంది.

ఆ పూట నుంచి బంగాళాదుంప, కారెట్టు, దోసకాయ, చివరికి గుమ్మడికాయ కూడా తొక్కతోనే.

"అమ్మా, ఇది కూరా, చెప్పులా?" అన్నాడు కొడుకు.

"నమిలితే పళ్లకీ మంచిదేరా," అంటూ అమ్మ తన భర్త క్యారేజీని అదిమి అదిమి నింపింది. ఆయన దాన్ని అందుకుని గబగబా ఆఫీసుకు బయల్దేరాడు.

మూడో రోజు మధ్యాహ్నం దర్జీ వదిన కళ్లు తుడుచుకుంటూ గోడ మీదుగా అన్నం గిన్నె అందించింది.

"కాదనకు వదినా. కష్టాలు మనుషులకు కాక మానులకొస్తాయా?"

"ఏం కష్టాలు?"

"అన్నయ్యగారు నీకింకా చెప్పలేదా?" వదిన నాలుక కరుచుకుని లోపలికి పోయింది.

అంతలో ఇస్త్రీ అతను గుమ్మంలోకి వచ్చి జాలిగా నిలబడ్డాడు. "ఇక అయ్యగారి ఆఫీసు చొక్కాలు ఇస్త్రీకి వేయరేమో కదమ్మా. వీధిలో అనుకుంటున్నారు."

నిప్పు లేనిదే పొగ రాదంటారు. అమ్మకు పొగ కూడా అక్కర్లేదు. ఆయన ఉద్యోగం ఊడింది, చెప్పలేక రోజూ క్యారేజీ పట్టుకుని ఏ పార్కులోనో కూర్చుంటున్నాడు, రేపో మాపో చెట్టుకింద కాపురమే! వెంటనే ఆఫీసుకు ఫోన్ చేసింది.

"సార్, మా ఆయన్ని తీసేయకండి! తీసేసి ఉంటే మళ్లీ పెట్టుకోండి!"

"తీసేయడమేమిటమ్మా?" అన్నాడు మేనేజరు. "ఇక్కడే ఉన్నాడు... ఆగండి." కుర్చీ జరిగిన చప్పుడు. "సీట్లో లేడే! భోజనాల టైమైపోయి గంటయింది. మూడు రోజులుగా ఇదే వరసట!"

"అయ్యో, ఆయనకేమైందో!"

అమ్మ పెట్టిన కేకకు వదిన, ఇస్త్రీ అతను కూడా వెంటపడ్డారు. ముగ్గురూ ఆఫీసు చేరేసరికి మేనేజరు గేటు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురు హోటలు కేసి చూస్తున్నాడు. లోపల కిటికీ పక్కన భర్త, శుభ్రంగా తొక్క తీసిన బంగాళాదుంపల కూర మారు వడ్డించుకుంటున్నాడు. పక్కనే మూత తీయని క్యారేజీ.

"ఉద్యోగం పోలేదా?" అంది వదిన తెల్లబోయి. "మూడు రోజులుగా తొక్కే రాలేదు కదా వదినా! తొక్క లేదంటే వంట లేదు, వంట లేదంటే ఉద్యోగం లేదనుకున్నా!"

"తొక్కతోనే వండుతున్నా వదినా!"

బయటికొచ్చిన భర్త తల పట్టుకున్నాడు. "ఊడని ఉద్యోగాన్ని నిలబెట్టబోయి ఊడగొట్టావు కదే!"

"తప్పు ఆయనది కాదు సార్, తొక్కది," అని అమ్మ చేతులు జోడించింది.

మేనేజరు క్యారేజీ తెరిచి ఒక గుమ్మడి ముక్క నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. "తీసేయను," అన్నాడు చివరికి. "కానీ రేపటి నుంచి నా ఎదురుగా కూర్చుని ఈ క్యారేజీ అంతా తినాలి. ఆఖరి ముక్క దాకా."

భర్త మెల్లగా అడిగాడు. "రాజీనామా చేస్తే సార్?"

"అలాగైతే ఇంట్లోనే మూడు పూటలా వేడివేడిగా వడ్డిస్తానండీ," అంది అమ్మ.

ఆయన ఉద్యోగం ఇప్పటికీ పదిలంగా ఉంది.